టబ్బు మూడో అంతస్తులో, మరక రెండో అంతస్తులో

మల్కాజిగిరి నుంచి ఒక పాఠకురాలు నాలుగు పేజీల ఉత్తరం రాశారు. పేరు వేయవద్దన్నారు. వయసు 62. ముప్పై ఏళ్లకు పైగా తరగతి గదిలో నిలబడి పాఠాలు చెప్పి, గత ఏడాది ఉద్యోగ విరమణ చేశారు. మోకాళ్లు అరిగాయని డాక్టరు చెప్పారు. ఆ తరువాత డాలస్‌లో కొడుకు ఇంట్లో మూడు నెలలు ఉన్నప్పుడు రోజూ సాయంత్రం టబ్బులో అరగంట వేడినీళ్లలో కూర్చునేవారట. తిరిగివచ్చి, స్నానాలగది ఎలాగూ బాగు చేయిస్తున్నాం కదా, ఇక్కడా ఒక టబ్బు పెట్టిద్దామని నోరు జారారు. అప్పటి నుంచి ఇంట్లో తలకో మాట.

డబ్బు తానే పంపుతానన్న కొడుకు, పంజా కాళ్ల మీద నిలబడ్డ పోత ఇనుము టబ్బు ఫొటో పంపి 'కొంటే ఇదే, తరాలపాటు ఉంటుంది' అంటున్నాడు. భర్త 'నెల రోజుల ముచ్చటకు ఫైబర్ టబ్బు చాలు' అంటున్నారు. రాణిగంజ్ దుకాణంలో పాలరాయి టబ్బు చూపించి, ఇంటికే అందం వస్తుందన్నారు. మేస్త్రీ అవేమీ వద్దని, ఇటుకలతో తొట్టి కట్టి టైల్స్ అతికిస్తానంటున్నాడు. 84 ఏళ్ల అత్తగారి ప్రశ్న వేరు: 'ఒంటి మురికి నీళ్లలో వదిలి, ఆ నీళ్లలోనే కూర్చోవడం స్నానమా?' ఇల్లు అపార్ట్‌మెంటులో మూడో అంతస్తు. గది 5 అడుగులు, 8 అడుగులు. గీజరు 15 లీటర్లది. కుళాయిల చుట్టూ బోరునీటి తెల్లపొర. వీటన్నిటి తరువాత చివరి పేజీలో ఒక వాక్యం: కింది ఇంటివారి స్నానాలగది కప్పు మీద తడిమరక వచ్చింది, రెండు నెలలుగా వాళ్లతో మాటలు లేవు. 'ఏ టబ్బు మంచిది? నేను ఎవరి మాట వినాలి?' అని అడిగారు.

టీచరుగారూ,

మీ ఉత్తరాన్ని రెండుసార్లు చదివాను. నాలుగు పేజీల్లో అందరి అభిప్రాయాలూ ఉన్నాయి. మీది మాత్రం, 'ఆ అరగంట తరువాత రాత్రి నొప్పి తెలియకుండా నిద్రపట్టేది' అన్న ఒక్క వాక్యంలో ఉంది. నేను దాన్ని పట్టుకునే మాట్లాడతాను. మీకు కావలసింది టబ్బు కాదు, అరగంటపాటు చల్లారని వేడినీళ్లు. అవి దేనిలో నిలుస్తాయన్నది ఆ తరువాతి మాట.

ముందు డాలస్ సంగతి తేల్చుకుందాం. మీకు అంత హాయినిచ్చిన టబ్బు దేనితో చేసిందో అబ్బాయిని కనుక్కోమనండి. ఫ్రిజ్ తలుపు మీది అయస్కాంతం తీసి టబ్బు అంచుకు ఆనిస్తే చాలు. అంటుకోకపోతే అది ఫైబరో, యాక్రిలిక్ అనే గట్టి ప్లాస్టిక్కో. అంటుకుంటే వేళ్లతో తట్టి చూడాలి. రేకు డబ్బాలా ఖంగుమంటే ఉక్కు రేకు మీద పింగాణీ పూత. బండరాయిని తట్టినట్టు మొద్దుగా ఉంటేనే పోత ఇనుము. అక్కడి మామూలు ఇళ్లలో ఇప్పుడు పోత ఇనుము అరుదు. ఇనుము టబ్బే కావాలని పట్టుబట్టిన అబ్బాయి ఇంట్లోనే ఫైబర్ టబ్బు ఉండి ఉంటే, మీ వాదన సగం తేలికవుతుంది.

అసలు రహస్యం టబ్బులో కంటే ఆ ఇంటి మూలన ఉండే వేడినీళ్ల ట్యాంకులో ఉంది. అమెరికా ఇళ్లలో సాధారణంగా 40 నుంచి 50 గాలన్లది, అంటే 150 నుంచి 190 లీటర్లది పెడతారు. మీ గీజరు 15 లీటర్లది. లెక్క చూడండి. ఒక మనిషి కూర్చుని తొడలు, మోకాళ్లు మునగాలంటే టబ్బులో 150 లీటర్లు కావాలి. కుళాయి నీరు 25 డిగ్రీల దగ్గర ఉండి, టబ్బులో 40 డిగ్రీలు రావాలంటే అందులో 60 డిగ్రీల వేడినీరు సుమారు 64 లీటర్లు పడాలి. మీ గీజరు ఒక దఫాలో ఇచ్చేది చన్నీళ్లు కలిపాక 35 లీటర్లు. టబ్బు అడుగున రెండున్నర అంగుళాలు. గీజరు మళ్లీ కాగేలోపు ముందు పోసినవి చల్లారతాయి. సంక్రాంతి ముందు చలిలో పైన ట్యాంకులో నీళ్లు ఇంకా చల్లగా ఉంటాయి కాబట్టి ఆ 35 కూడా రావు. ఏప్రిల్, మేలలో అయితే గీజరు అక్కరే ఉండదు, మధ్యాహ్నం కుళాయి తిప్పితే ట్యాంకు నీళ్లే చెయ్యి కాలుస్తాయి. కానీ ఆ ఎండల్లో ఎవరు వేడినీళ్లలో కూర్చుంటారు?

అందువల్ల ఏ టబ్బు కొన్నా, దానితోపాటు కనీసం 50 లీటర్ల గీజరు కొనాల్సిందే. నీళ్లు నిండితే అది 70 కిలోలకు తక్కువ తూగదు. నాలుగంగుళాల గోడకు మామూలు మేకుల మీద వేలాడదీయనివ్వకండి, గోడ ఆ పక్కకు దాటే బోల్టులు అడగండి. కరెంటు ఖర్చుకు భయపడకండి, ఒక టబ్బు నీళ్లు కాగడానికి రెండున్నర యూనిట్లకు కాస్త ఎక్కువ పడుతుంది. మేడ మీద సౌర హీటరుకు సంఘం ఒప్పుకుంటే అదీ తగ్గుతుంది. గ్యాస్ గీజరు మాత్రం మూసి ఉన్న గదిలో వద్దు. దాని నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు, మనిషికి తెలిసేలోపే స్పృహ పోతుంది.

ఇప్పుడు అబ్బాయి ఇనుము. అది చెడ్డ వస్తువు కాదు. మంచి పింగాణీ పూత ఉన్న పోత ఇనుము టబ్బు నిజంగానే మనిషి కంటే ఎక్కువ కాలం ఉంటుంది. వేడి నిలుపుతుందన్న మాటలో మాత్రం సగమే నిజం. చలికాలపు పొద్దున 150 కిలోల ఇనుము తాను వెచ్చబడటానికి ముందు మీరు పోసిన నీళ్ల నుంచే సుమారు రెండు డిగ్రీలు లాక్కుంటుంది. ఆ తరువాతే దాచుకున్న వేడిని మెల్లగా తిరిగి ఇస్తుంది. గంట సేపు కూర్చునేవారికి లాభం, అరగంటకు పెద్ద తేడా ఉండదు.

బరువు దగ్గర చిక్కు ఉంది. ఇళ్ల శ్లాబుల మీద ఎంత భారం పడుతుందని లెక్కగట్టాలో చెప్పే భారతీయ ప్రమాణం ఐఎస్ 875, స్నానాలగదికి చదరపు మీటరుకు సుమారు 200 కిలోలు పెట్టుకోమంటుంది. ఐదడుగుల టబ్బు ఆక్రమించేది చదరపు మీటరుకు కాస్త పైన. ఇనుము 150, నీళ్లు 150, మనిషి 70 కలిపితే 370 కిలోలు. అదే యాక్రిలిక్ అయితే మొత్తం 255. శ్లాబు బరువును గది అంతటికీ పంచుతుంది కాబట్టి ఇనుము పెట్టగానే కూలుతుందని నేను అనను. కానీ పంజా కాళ్లున్న టబ్బు ఆ బరువంతా నాలుగు చోట్ల గుచ్చుతుంది. మీ భవనం నక్షాలు చూసిన ఇంజినీరు సరేనంటే తప్ప ఆ ఫొటో జోలికి వెళ్లకండి. పాలరాయి అయితే ఖాళీ టబ్బే అర టన్ను దాటవచ్చు. దాన్ని మూడో అంతస్తుకు ఎక్కించేదెలాగో దుకాణదారు చెప్పి ఉండడు. ఏ టబ్బయినా కొనే ముందు లిఫ్టు లోపలి కొలత, స్నానాలగది గుమ్మం వెడల్పు రాసుకుని తీసుకెళ్లండి. రెండున్నర అడుగుల గుమ్మంలో రెండున్నర అడుగుల టబ్బు పడుకుని దూరదు.

పాలరాయిని నేను వద్దనడానికి బరువు కంటే పెద్ద కారణం మీ గది మూలన ఉండే యాసిడ్ సీసా. మీరు రాయలేదు కానీ, బోరునీటి తెల్లపొర ఉన్న ఇంట్లో అది లేకుండా ఉండదు. పనిమనిషి వారానికోసారి పోసి, నురగ పొంగుతుంటే చీపురుతో రుద్దుతుంది. ఆ తెల్లపొర కాల్షియం కార్బనేటు. పాలరాయీ అదే. పొరను తినే యాసిడ్ రాయినీ తింటుంది. నిమ్మరసం పడ్డా మెరుపు పోతుంది. రాతిపొడిని రెసిన్ అనే జిగురుతో కలిపి పోసే కొత్తరకం 'స్టోన్' టబ్బులు కాస్త మెరుగు, గీతపడితే అరగదీసి మెరుగు పెట్టుకోవచ్చు. వేడినీ బాగానే ఆపుతాయి. కానీ వాటిలో కలిపేది సున్నపురాతి పొడే అయితే యాసిడ్ భయం తప్పదు, పైగా 100 కిలోలు దాటుతాయి. పింగాణీ పూత మీద కూడా యాసిడ్ పదేపదే పడితే నున్నదనం పోయి మురికి పట్టుకుంటుంది. ఏ టబ్బు కొన్నా యాసిడ్ సీసా బయటికి వెళ్లాలి. రాతి టబ్బు కాకపోతే తెల్లపొరకు నీళ్లు కలిపిన వెనిగరు, మెత్తని గుడ్డ చాలు. వాడిన ప్రతిసారీ టబ్బును తుడిచి ఆరబెడితే అదీ అక్కర్లేదు. ఇంకొక మాట: యాసిడ్‌నూ బ్లీచింగ్ పౌడరునూ ఎప్పుడూ కలపనివ్వకండి, క్లోరిన్ విషవాయువు వస్తుంది.

మీవారి ఫైబర్ మాటకు వస్తాను. ఇది నా అనుభవం. చాలా ఏళ్ల క్రితం మేమూ చవకని ఫైబర్ టబ్బు కొన్నాం. మొదటి నెల రోజూ, రెండో నెల ఆదివారాలు. ఆ తరువాత నీళ్లు రాని రోజుల కోసం నింపిపెట్టుకునే తొట్టి అయింది, చివరికి దుప్పట్లు నానబెట్టే గాబు. పైపూత పసుపురంగుకు తిరిగి, అడుగున జుట్టులాంటి పగుళ్లు వచ్చాయి. తప్పు పూర్తిగా ఫైబరుది కాదు, మా గీజరు కూడా మీలాంటిదే. కానీ ఫైబర్ మీద ఉండే రంగుపూత పలచన. అది అరిగాక లోపలి పోగులు బయటపడి ఒంటికి గుచ్చుకుంటాయి. మీవారి అనుమానంలో న్యాయం ఉంది, 'నెల రోజుల ముచ్చట' చాలా ఇళ్లలో నిజమే. దానికి జవాబు చవక టబ్బు కాదు, ముందే పరీక్షించడం. మడతపెట్టే టబ్బులు దొరుకుతాయి. ఒకటి తెచ్చి, అవసరమైతే పొయ్యి మీద నీళ్లు కాచి, నెలలో ఎనిమిది సార్లయినా కూర్చుంటారేమో చూసుకోండి. మరిగే నీళ్ల గిన్నె మోసే పని మాత్రం మీవారికి అప్పగించండి, మీ మోకాళ్లతో వద్దు. కూర్చోలేదంటే పెద్ద ఖర్చు తప్పింది. కూర్చున్నారంటే ఆయన నోటికి తాళం.

ఉక్కు రేకు మీద పింగాణీ పూత ఉన్నది మధ్యరకం. నునుపు, శుభ్రం చేయడం తేలిక, ఇనుము కంటే చాలా తేలిక. మన ఇళ్లలో దాని శత్రువు చెంబు. అంచు మీద పెట్టిన స్టీలు చెంబు జారి లోపల పడితే వేరుశనగ గింజంత పెచ్చు లేస్తుంది, అక్కడి నుంచి తుప్పు. చల్లగా తగులుతుంది, నీళ్లు పడితే చప్పుడు. లోహపు టబ్బు ఏదైనా ఎర్తింగ్ చేయించాలన్నది మరచిపోవద్దు.

మేస్త్రీ ఇటుక తొట్టి మీకు నచ్చేలా ఉంది, ఉత్తరంలో దాని గురించి ఎక్కువ రాశారు. అది చవక, కావలసిన కొలతలో వస్తుంది, అతను తెలిసినవాడు. కానీ టైల్స్ మధ్య ఎన్ని అతుకులో అన్ని దారులు నీటికి. ఇటుక బరువు ఇనుముకు తీసిపోదు. నలుగు పెట్టుకుని స్నానం చేసే రోజున సున్నిపిండి, నూనె ఆ అతుకుల్లో చేరితే తీయడం ఎవరి తరమూ కాదు. నేల మీద ఉన్న సొంత ఇంట్లో అయితే చూడవచ్చు. కింద ఒక కుటుంబం తలెత్తి మరక చూసుకుంటున్నప్పుడు, వద్దు.

మిగిలింది యాక్రిలిక్. మీ ఇంటి లెక్కలకు దగ్గరగా వచ్చేది అదేనని నాకు అనిపిస్తోంది. తేలిక, ఒంటికి చల్లగా తగలదు, వేడిని త్వరగా వదలదు. గీత పడితే సన్నని వాటర్ పేపరుతో రుద్ది పాలిష్ చేస్తే పోతుంది. థిన్నరు, గోళ్ల రంగు తీసే ద్రవం, వెలిగించిన అగరువత్తి, ఇవి దానికి పడవు. పసుపు మరక కడిగినా పూర్తిగా పోకపోతే కిటికీ ఎండ తగిలేలా నాలుగు రోజులు వదిలేయండి, పసుపు రంగు వెలుతురుకు వెలిసిపోతుంది.

కానీ యాక్రిలిక్ పేరుతో అమ్మేదంతా యాక్రిలిక్ కాదు. దుకాణంలో టబ్బును బోర్లా తిప్పించండి. వెనక ఫైబర్ పోగులు, రెసిన్ దట్టంగా, అంతటా సమానంగా పట్టించి ఉండాలి, అడుగున బలానికి పలక ఉండాలి. తరువాత నీళ్లు పోయే రంధ్రంలో వేలు పెట్టి కోసిన అంచును చూడండి. తెల్లటి పలక ఒకే రంగులో మందంగా కనిపిస్తే మంచిది. పైన గోరంత సన్నని మెరిసే పొర, కింద వేరే రంగు ప్లాస్టిక్ కనిపిస్తే, అది వేరే ప్లాస్టిక్ మీద యాక్రిలిక్ పూసింది, ధర కూడా అందుకు తగ్గట్టే తక్కువ ఉండాలి. చివరగా చెప్పులు విడిచి లోపల నిలబడండి. అడుగు మెత్తగా కుంగితే వదిలేయండి. అమ్మేవారు నవ్వితే నవ్వనివ్వండి.

యాక్రిలిక్‌కు చావు బిగించేటప్పుడే రాసి ఉంటుంది. నాలుగు మూలలా నాలుగు ఇటుకలు పెట్టి టబ్బు దించి వెళ్లిపోయే ప్లంబర్లు ఉన్నారు. నీళ్లు, మనిషి చేరగానే నడుమ కుంగుతుంది, గోడ దగ్గర సిలికాన్ అతుకు తెరుచుకుంటుంది, నీళ్లు టబ్బు వెనక నుంచి శ్లాబులోకి దిగుతాయి. అడుగంతా ఆనేలా సిమెంటు ఇసుక మాలు పరిపించండి. సిలికాన్ వేసే ముందు టబ్బును నీళ్లతో నింపమనండి. బరువుకు కుంగేదేదో అప్పుడే కుంగుతుంది, ఆ స్థితిలో అతుకు వేసి, ఆరేదాకా ఒక రోజు నీళ్లు అలాగే ఉంచాలి. ఈ మాట చెప్పగానే మీ ప్లంబరు ముఖం చిట్లిస్తే వేరే ప్లంబరును చూసుకోండి. పైపు అతుకుల దగ్గరికి చెయ్యి వెళ్లేలా పక్కన చిన్న తలుపు కూడా వదిలించండి, లేకపోతే రేపు టైల్స్ పగలగొట్టాలి.

అత్తగారి మాట తీసిపారేయదగింది కాదు. ముందు పీట మీద కూర్చుని చెంబుతో శుభ్రంగా స్నానం చేసి, ఆ తరువాత టబ్బులోకి దిగాలి. జపానులో అలాగే చేస్తారని ఆవిడకు చెప్పండి. దీనికోసం గదిలో పీట వేసుకునే చోటు మిగలాలి. 8 అడుగుల గదిలో గోడ నుంచి గోడకు ఐదడుగుల టబ్బు అడ్డంగా పెడితే ఆ చోటు మిగులుతుంది. మీ ఇంట్లో మామూలు స్నానానికి రెండు బకెట్లు, అంటే 40 లీటర్లు పడితే, టబ్బుకు దాదాపు నాలుగు స్నానాల నీళ్లు. వారానికి రెండుసార్లయితే నెలకు 1,200 లీటర్లు. 2021 జనవరిలో మొదలైన నగర ఉచిత నీటి పథకం ఇంటికి నెలకు ఇచ్చేది 20,000 లీటర్లు కాబట్టి మామూలు రోజుల్లో ఇది పెద్ద దుబారా కాదు. ట్యాంకరు కోసం కాపు కాసే మే నెలలో మాత్రం టబ్బును మరచిపోండి. వాడిన నీళ్లు బకెట్లతో తోడి మరుగుదొడ్డికి పోయవచ్చు. తోడే పనీ మీవారిదే.

ఒక సంగతి మీరు అసలు ఆలోచించలేదనిపించింది. టబ్బు అంచు నేల నుంచి సుమారు అడుగున్నర ఎత్తున ఉంటుంది. నొప్పి మోకాళ్లతో దాన్ని రోజూ దాటాలి, అదీ తడి కాలితో. డాలస్‌లో ఎలా దాటేవారో గుర్తు చేసుకోండి, కోడలు చెయ్యి పట్టుకునేదా? అంచు పక్కన కూర్చునేంత వెడల్పు గట్టు, గోడలోకి బోల్టులతో దింపిన పట్టుకమ్మీ ఉంటే కూర్చుని ఒక్కో కాలూ లోపలికి వేసుకోవచ్చు. పీల్చి అంటుకునే రబ్బరు పట్టీలను నమ్మకండి. తలుపున్న టబ్బులూ ఉన్నాయి, కానీ లోపల కూర్చుని తలుపు వేసుకున్నాకే నీళ్లు నింపాలి, మొత్తం పోయాకే తలుపు తీయాలి. ఆ పావుగంటా తడి ఒంటితో వణకాలి. అత్తగారిని మాత్రం ఇందులో దించే ప్రయత్నం చేయకండి. ఇంట్లో ఎవరికైనా బీపీ, షుగరు ఉంటే వేడినీళ్ల గురించి డాక్టరును అడిగాకే. షుగరు ఎక్కువకాలం ఉన్నవారి పాదాలకు వేడి సరిగా తెలియదు.

దీన్నంతా చూసి టబ్బే వద్దనుకుంటే అదీ ఓటమి కాదు. గోడకు బిగించిన బల్ల మీద కూర్చుని ధారగా వేడినీళ్లు పట్టుకోవడం, మోకాళ్లకు వేడి కాపడం, పాదాలు మునిగే తొట్టి, ఇవి మీ 15 లీటర్ల గీజరుతోనే సాగుతాయి. మెడ దాకా మునిగే హాయి మాత్రం రాదు. ఆ హాయికి ఎంత ఇవ్వవచ్చో తేల్చుకోవలసింది మీరే.

అబ్బాయికి 'ఇనుము వద్దు' అని కాకుండా, 'ఆ డబ్బుతో గీజరు, వాటర్‌ప్రూఫింగు, పట్టుకమ్మీలు చేయించు' అని చెప్పండి. ఫొటోలో అందంగా కనిపించేవి కావు. కానీ అతను ఇవ్వాలనుకున్నది మీకు నొప్పి లేని రాత్రి. కాదంటే, ఇంజినీరు చేత శ్లాబు చూపించే ఖర్చూ తానే పెట్టుకోమనండి, ఆయన ఇచ్చే జవాబును ఇద్దరూ ఒప్పుకోండి.

ఇక చివరి పేజీలో మీరు ఒక వాక్యంతో దాటేసిన మరక. టబ్బు వచ్చాక అది మాయం కాదు, టబ్బు కింద దాక్కుంటుంది, అంతే. గది ఎలాగూ పగలగొడుతున్నారు. పాత గచ్చు తీయించి, దాని కింద ఉండే శ్లాబుకు, గోడల మీద అడుగు ఎత్తు వరకు వాటర్‌ప్రూఫింగు చేయించి, పైపు మూసి 48 గంటలు నీళ్లు నిలబెట్టండి. ఆ నీళ్లు పోసే ముందు కింది ఇంటి తలుపు తట్టి, మేం పరీక్ష చేస్తున్నాం, మీ కప్పు చూస్తూ ఉండండి అని చెప్పాలి. ఫోను చేస్తే వేరుగా ఉంటుంది, వెళ్లి చెప్పండి. రెండు రోజుల తరువాత వాళ్లు 'కొత్త తడి లేదు' అనేదాకా ఏ దుకాణంలోనూ టబ్బుకు అడ్వాన్సు ఇవ్వకండి.